మిగిలినవెన్ని?

చందనకు నోటిలెక్కల్లో సున్నా వచ్చిందని హెడ్‌మిస్ట్రెస్ పద్మావతమ్మ చెప్పినప్పుడు సునీత ముందు నమ్మలేదు. ఆ తర్వాత నవ్వొచ్చింది. అది కూడా పోయాక ఒళ్ళు మండింది.

"సున్నానా? మా పాపకా? ఇంకోసారి చూడండి మేడమ్, వేరే ఎవరిదో అయ్యుంటాది."

"ఎన్నిసార్లు చూడమంటావు సునీతా! చదవడం బాగుంది, రాయడం బాగుంది. నోటిలెక్కల కాడికొచ్చేసరికి ఏమైందో ఏమో, అయిదు ప్రశ్నలడిగితే అయిదిటికీ ఒకే జవాబు చెప్పిందంట. ఇరవై. ఏమడిగినా ఇరవై. అడిగినాయన కింద రాసి పంపినాడు, బిడ్డకు లెక్కల్లో ఓనమాలు కూడా రావని."

ఓనమాలు రావట! ప్రొద్దుటూరులో చీరలంగడికి పోయి పొద్దంతా చీరలు మడతపెట్టి వచ్చే తల్లికి, కూరగాయలామె తప్పుగా చిల్లర ఇచ్చిందని మొన్ననే చెప్పింది ఈ పిల్ల. నాలుగో తరగతిలో లెక్కలకు దీని తర్వాతే ఎవరైనా. అట్లాంటి పిల్ల నోరు తెరిచి ఇరవై, ఇరవై అని చిలకలా అనడమేమిటి? సునీతకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఇప్పుడేమైతాది మేడమ్?"

"ఇంకోసారి పెడతారు. పులివెందులలో, వచ్చే ఆదివారం. అందులో కూడా తప్పిందంటే..." పద్మావతమ్మ మాట మింగింది. "నేనేం చేయగలను సునీతా, ఫీజు కట్టేది వాళ్ళు. వాళ్ళు ఆపేస్తే జూన్ నుంచి పాపకు ఈడ సీటు ఉండదు."

వాళ్ళంటే 'నచ్చిన బడి' వాళ్ళు. బట్టల వ్యాపారం చేసే రామకృష్ణయ్య తన తల్లి పేరు మీద పెట్టిన ట్రస్టు అది. లేనివాళ్ళ పిల్లలు తమకు నచ్చిన ప్రైవేటు బడిలో చేరవచ్చు, ఫీజు ట్రస్టు కడుతుంది. మంచి పనే, కాదనడానికి లేదు. ఆ సీటు కోసమే సునీత మొగుణ్ణీ గొర్రెల మందనూ పెద్దముడియం చేలల్లో వదిలేసి, ఒంటి గది అద్దెకు తీసుకుని, కూతురితో ఈ ఊరు వచ్చి పడింది. కానీ ఒక మెలిక ఉంది. ఏటా ట్రస్టు వాళ్ళు పరీక్ష పెడతారు. పిల్లకు చదువు అబ్బుతోందా లేదా అని వాళ్ళకు రుజువు కావాలి. పక్క బెంచీలో కూర్చునే శ్రావణ్‌కు ఎక్కాలు రావు, అయినా వాడికి ఏ పరీక్షా లేదు. వాళ్ళ నాయన దుడ్లు కడతాడు కాబట్టి వాడికి చదువొచ్చినా రాకపోయినా అడిగే దిక్కు లేదు. ధర్మానికి చదివే పిల్లలే మాకు చదువొచ్చింది మహాప్రభో అని ఏటేటా నిరూపించుకుంటూ ఉండాలి. ఇదేం న్యాయమో ఆ రామకృష్ణయ్యకే తెలియాలి.

ఇంటికి రాగానే సునీత కూతుర్ని నిలదీసింది.

"ఏందే నీకు పోయేకాలం? ఇరవై ఏంది? ఏమడిగినారు నిన్ను?"

చందన గోడకు ఆనుకుని కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడింది. "చెప్పకూడదు."

"నాకు గూడానా?"

"ఎవురికీ చెప్పకూడదని సార్ ఒట్టు పెట్టించుకున్న్యాడు."

"ఆ ఒట్టు మంటగలవా! బడి పోతాందే, తెలుస్తాందా నీకు? జవాబు తెలిసి గూడా చెప్పలేదా, తెలీక చెప్పలేదా?"

పిల్ల కళ్ళనిండా నీళ్ళు నింపుకుంది గానీ నోరు విప్పలేదు. సునీతకు చెయ్యి ఆగలేదు. వీపు మీద ఒక్కటి పడింది. ఆ తర్వాత తనే పిల్లను దగ్గరకు తీసుకుని ఏడ్చింది. ఎవరి మీద కోపమో తెలియక ఆ పూట అన్నం కూడా సరిగా సహించలేదు.

ఆ వారమంతా ఇల్లు ఇల్లుగా లేదు. కంటికి కనిపించినదల్లా లెక్క అయి కూర్చుంది. గంపలో టమాటాలు, బండ మీద దోసెలు, అంగడిలో చీరలు, వీధిలో ఆటోలు. "డెబ్బై చీరలుండాయి, ఇరవై ఆరు అమ్ముడుపోయినాయి, ఎన్నుండాయి?" అంటే సునీత వేళ్ళు మడిచేలోపు చందన జవాబు చెప్పేది. "ఎనిమిది ఆటోలకు చక్రాలెన్ని?" అంటే ఇరవై నాలుగని దోసె నములుతూనే చెప్పేది. ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. తప్పినా బాగుండేది, ఎక్కడ దిద్దాలో తెలిసేది. అన్నీ వచ్చిన పిల్లకు ఏం నేర్పాలి? అంగడిలో పక్కనే చీరలు మడిచే హఫీజా, "దిష్టి తగిలుంటాది, ఎండు మిరపకాయలు తిప్పెయ్యి" అంది. అది కూడా అయింది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కారు. ముద్దనూరు దాటేదాకా సునీత లెక్కలు అడుగుతూనే ఉంది. అటు పక్క సీటాయన విసిగిపోయి, "ఆ బిడ్డను కొంచెం ఊపిరి పీల్చుకోనీ తల్లా" అన్నాడు. సునీత నోరు మూసుకుంది గానీ మనసు ఊరుకోలేదు. పులివెందుల దగ్గర పడుతూ అరటి తోటలు మొదలైతే చెట్టుకు ఎన్ని గెలలు, తోటకు ఎన్ని చెట్లని లోపల్లోపల కూడుకుంటూనే ఉంది.

పరీక్ష ఒక బడి గదిలో. పోయినసారి పిల్లలు భయపడి ఏడ్చారని ఈసారి తల్లినో తండ్రినో వెనక కూర్చోనిచ్చారు, మాట మాత్రం పలకకూడదు. పరీక్ష పెట్టే కుర్రాయన పేరు నయీం. చేతిలో టాబ్లెట్. పొద్దుటి నుంచి పిల్లలను అడిగి అడిగి గొంతు బొంగురుపోయి ఉన్నాడు. అయినా చందనను చూసి నవ్వాడు.

"భయపడొద్దు పాపా. అన్నీ నీకు తెలిసినవే అడుగుతాను. సరేనా?"

చందన తలూపింది. నయీం టాబ్లెట్ చూసి చదివాడు.

"మీ నాన్న మందలో అరవై గొర్రెలున్నాయి. రోగం వచ్చి పదిహేడు చనిపోయాయి. మిగిలినవెన్ని?"



"ఇరవై," అంది చందన.

వెనక బెంచీలో సునీత అప్పటికే లేచి నిలబడింది. "థూ! థూ! అవేం మాటలప్పా! నీ నోట్లో మన్ను పడ! ఆదివారం పూట పసిబిడ్డ నోటితో ఏం పలికిస్తాండావు నువ్వు?"

నయీం బిత్తరపోయాడు. "అక్కా, మీరు మాట్లాడకూడదు. నేనేమన్నాను? తీసివేత లెక్క అది."

"నీ తీసివేతలో నిప్పులు పొయ్య! మా మందనే దొరికిందా నీకు తీసెయ్యడానికి?"

అప్పుడు అర్థమైంది సునీతకు, ఆ ఇరవై ఎక్కడిదో. ఆమె మొగుడు బాలన్న ఇంట్లో మంద లెక్క పైకి చెప్పరు, చెబితే మందకు కీడంటారు. వేలు పెట్టి చూపించరు, నోటితో అనరు. ఎవరు అడిగినా, బంధువు గానీ బ్యాంకు ఆయన గానీ, ఇరవై అనాలి. కళ్ళెదుట చేను నిండా మంద పరుచుకుని ఉన్నా ఇరవై అనే చెప్పాలి. అది అబద్ధమని అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు, అయినా మర్యాదకు ఇద్దరూ తలలూపి ఊరుకుంటారు. చందనకు మాటలు వచ్చిన నాటి నుంచి బాలన్న నేర్పిన మొదటి పాఠం అది. ఇక గొర్రెలు చావడం గురించి మాటల్లో పెట్టడమంటే, అది ఆ ఇంట్లో తాగిన మనిషి కూడా చేయడు.

ఒక్కసారి బాలన్న ఆ కట్టు తప్పాడు. మూడేళ్ళ కిందట పశువుల లెక్కలు రాసుకోవడానికి వచ్చిన ఆయన మంచి మాటలు చెబితే, సర్కారుతో అబద్ధమెందుకులే అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ వానలకు నీలి నాలుక రోగం వచ్చి మంద సగమైంది. నోరు వాచి, మేత ముట్టక, ఒక్కొక్కటే వాలిపోతుంటే బాలన్న వాటి మధ్యలో కూర్చుని తన నోటి మీద తనే కొట్టుకున్నాడు. చందన అది కళ్ళారా చూసింది. చూసిన పిల్లను పట్టుకుని, మీ నాన్న గొర్రెలు చచ్చాయి, మిగిలినవెన్ని అని అడిగితే ఏం చెబుతుంది!

పిల్ల వీపు మీద తను కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది సునీతకు.

"ఇంకో లెక్క అడగప్పా," అంది, ఈసారి బతిమాలుతూ. "టమాటాలవి అడుగు. చీరలవి అడుగు. అరటి గెలలవి అడుగు. ఎన్నయినా చెప్తాది."

"నా చేతిలో లేదక్కా. ఇది తెరిస్తే వచ్చిందే అడగాల. అయిదూ గొర్రెలవే వస్తాయి, మీ దరఖాస్తులో గొర్రెల పెంపకం అని ఉంది కాబట్టి." నయీం టాబ్లెట్ ఆమె వైపు తిప్పాడు. గడియారం ముల్లు గిర్రున తిరుగుతోంది. "టైమ్ అయిపోతాంది. నెట్ పోయిందని నొక్కుతా. అరగంట దొరుకుతాది. అంతకంటే నేనేం చేయలేను. హేమమాలిని మేడమ్‌తో మాట్లాడుకోండి."

హేమమాలిని రామకృష్ణయ్య కోడలు. పరీక్షల పని అంతా ఆమెదే. నయీం ఫోన్ కలిపి సునీత చేతికిచ్చాడు.

విషయం విని ఆమె నిట్టూర్చింది. "ఏం చేస్తే మీకు నచ్చుతుంది సునీతా? మొదట రైళ్ళూ, ఈత కొలనులూ పెట్టాం. పల్లె పిల్లలకు అవేం తెలుసని అందరూ తిట్టారు. సరే అని ఏ ఇంటి పిల్లకు ఆ ఇంటి లెక్కలు వచ్చేట్టు శ్రమపడి చేయించాం. ఇప్పుడు అది కూడా తప్పేనా? చచ్చినవి నిజం గొర్రెలు కాదు కదా. నలభై మూడు అనమను, అయిపోతుంది."

"అట్లనా మేడమ్? అయితే మీ పాపను నేనొక లెక్క అడగనా? మీ ఇంట్లో అయిదుమంది ఉండారు. జబ్బు చేసి ఇద్దరు..."

"ఏయ్! నోరు ముయ్యి!" అవతల నుంచి కేక. "ఏం మాటలవి? శుభమా అని పూజ చేసుకుని లేచిన పూట..."

"చూసినారా మేడమ్! నేను లెక్క పూర్తిగా గూడా చెప్పలేదు. మీకెట్ల కాలింది?"

 హేమమాలిని గొంతు తగ్గింది. "అర్థమైంది సునీతా. నిజంగా అర్థమైంది. కానీ ప్రశ్నలు చేసినవాళ్ళు ఎక్కడో ఉన్నారు, ఆదివారం వాళ్ళు ఎత్తరు. ఈ సాయంత్రానికి మార్కులు ఎక్కకపోతే కంప్యూటర్ పేరు దానంతట అదే తీసేస్తుంది. నేను కూడా ఆపలేను."

దానంతట అదే తీసేస్తుందట. పెట్టింది వీళ్ళు, మార్చడానికి మాత్రం వీళ్ళకు చేతకాదు! అర్థమైందని చెప్పడానికి అందరూ ఉన్నారు, మార్చడానికే ఎవరూ లేరు. సునీతకు విసుగుతో నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోన్ నయీంకు ఇచ్చేసి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"చెప్పెయ్యి పాపా. ఏంగాదులే. ఉత్త లెక్కే."

"నాయన చెప్పొద్దన్న్యాడు."

"నేను చెప్తాండా గదా."

"గొర్రెలు నాయనవి," అంది చందన. 

సునీత తన ఫోన్ తీసింది. బాలన్న ఎత్తేసరికి గాలి హోరు, గొర్రెల అరుపులు వినిపించాయి. పెద్దముడియం పక్క శనగ కోసిన చేలల్లో మేపుతున్నాడు. రాత్రికి ఎవరో రైతు చేలో ఎరువు కోసం మంద కట్టాలి. సునీత జరిగినదంతా చెప్పింది. పదిహేడు అన్నప్పుడు ఆమె గొంతు దానంతట అదే సన్నగిల్లింది.

"ఆ సార్ పదిహేడన్న్యాడా?"

"అన్న్యాడు మామా."



"చెప్పకుంటే బడి పోతాదా?"

"పోతాది."

"ఫోన్ పాపకియ్యి."

చందన రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. బాలన్న గట్టిగా మాట్లాడే మనిషి. గదిలో అందరికీ వినిపించింది.

"పాపా, ఆ సార్ ఏమడిగినా ఉండే జవాబు చెప్పు. ఎన్ని చచ్చినాయన్నా, ఎన్ని మిగిలినాయన్నా చెప్పెయ్యి."

"మన గొర్రెలకు ఏమన్నా అయితేనో?"

"అయితే కానీ. గొర్రెలు పోతే కూలికి పోయి మళ్ళా కొంటాను. నీ బడి పోతే తెచ్చియ్యడం నాకు చేతగాదు తల్లీ."

చందన ఫోన్ తల్లికి ఇచ్చేసి, చున్నీతో ముక్కు తుడుచుకుని, నయీం ఎదురుగా కూర్చుంది. నయీం ఈసారి మెల్లగా చదివాడు. చనిపోయాయి అన్న చోట అతని గొంతు కూడా తడబడింది. చందన కళ్ళు గట్టిగా మూసుకుని నలభై మూడు అంది. కుక్కలు కరిచిన లెక్క, వాగులో కొట్టుకుపోయిన లెక్క, సంతలో అమ్మిన లెక్క, దొంగలెత్తుకుపోయిన లెక్క, అన్నిటికీ కళ్ళు మూసుకునే చెప్పింది. ఒక్కో జవాబుకూ సునీత దిష్టి పోవాలని కొంగు చాటున మెటికలు విరుస్తూ కూర్చుంది. అయిదుకు అయిదు.

"ఇంత తెలివైన పాపకు సున్నా ఎట్ల వచ్చిందో!" అన్నాడు నయీం. అని, సునీత చూసిన చూపుకు తల వంచుకుని టాబ్లెట్ తుడుచుకోసాగాడు.

హేమమాలిని ఫోన్ చేసి, చాలా సంతోషం, పాపకు వచ్చే ఏడు కూడా సీటు ఖాయమని చెప్పింది. సున్నా నుంచి నూటికి నూరుకు ఎదిగిన పిల్ల అని ట్రస్టు వాళ్ళ సమావేశంలో చెబుతానంది. సునీత దండం పెట్టి ఫోన్ పెట్టేసింది. ఎదిగిందట! వారంలో ఏం ఎదిగింది, పిల్ల వీపు మీద వాత తప్ప!

బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు సిద్ధంగా ఉంది. చందన ఎక్కనంది. నాయన దగ్గరికి పోదామంది. పొద్దున్నే అంగడికి పోవాలని సునీత ఎంత చెప్పినా వినలేదు. జమ్మలమడుగు బస్సెక్కి, దారంతా ఫోన్ చేయించింది. "నాయనా, అన్నీ మేస్తాండాయా? నాయనా, ఏదీ దగ్గడం లేదు గదా?" బాలన్న విసుక్కోకుండా ఎత్తిన ప్రతిసారీ అన్నీ బాగుండాయనే చెప్పాడు. జమ్మలమడుగులో దిగి ఆటో పట్టుకునేసరికి ఎండ చల్లబడింది.

చేలో మంద దడి లోపలికి వస్తోంది. బాలన్న దడి పక్కన నిలబడి ఉన్నాడు. ఒక్కో గొర్రె లోపలికి పోతుంటే దాని వీపు మీద చెయ్యి వేసి వదులుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి సునీత అతను మందను లెక్కబెట్టగా ఎన్నడూ చూడలేదు. ఆమె పలకరించకుండా అది పూర్తయ్యేదాకా ఆగింది. చందన పరుగెత్తిపోయి పిల్లగొర్రెల మధ్య కూర్చుని ఒక్కోదాని నోరు తెరిచి నాలుక చూడడం మొదలుపెట్టింది.

"ఉండాయిలే," అన్నాడు బాలన్న సునీతతో. "పాప చెప్పిందా?"

"చెప్పింది. సీటు ఉంటాదంట."

"మంచిదయింది."

అసలు మాట సునీత గొంతులోనే ఉండిపోయింది. చెప్పకపోతే రేపైనా తెలిసేదే కదా అని కక్కేసింది. "పదో తరగతి దాకా ఏటా ఉంటాదంట మామా ఈ పరీక్ష."

బాలన్న దడి తాడు కట్టడం ఆపాడు. "ఏటా నా మందను చంపుతారా వీళ్ళు?"

 బాలన్న తాడు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాడు. ఆ చుట్టుపక్కల ఉత్త బాలన్న అంటే తెలియదు గానీ గొర్రెల బాలన్న అంటే పసిపిల్లలు కూడా దారి చూపిస్తారు. వాళ్ళ తాత పెంచిన మంద అది. రోగమొచ్చి సగమైనా, అమ్మేసి కూలికి పొమ్మని అందరూ చెప్పినా, పస్తులుండి నిలబెట్టుకున్న మంద.

"కాగితంలో నా పని మార్పించు," అన్నాడు. "గొర్రెలు లేవని రాయించు. కూలి అని రాయించు."

"ఏం మాట మామా అది?"

"రాయించు మే. లేని మంద లెక్కలు ఎవురడుగుతారు?"

చందన ఒక పిల్లగొర్రెను చంకనేసుకుని వచ్చింది. వాళ్ళ మాటలు తన చెవిన పడ్డాయి. "అట్లయితే వచ్చే ఏడు గొర్రెలవి అడగరా అమ్మా?"

"అడగరు."

"మరి ఏమడుగుతారు?"

"ఏమడుగుతారా!" పొద్దుటి నుంచి కడుపులో ఉడుకుతున్నదంతా ఒక్కసారి సునీత నోటికి వచ్చింది. "కూలోళ్ళ లెక్కలడుగుతారు! పదిమంది కూలికి పోయినారు, ఎండదెబ్బ తగిలి..."

అక్కడ ఆమె నాలుక కరుచుకుంది. చందన గొర్రెపిల్లను కిందికి వదిలేసి పోయి వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుంది.